పిల్లలమర్రి కిందికి జనాన్ని మళ్లీ వెళ్లనివ్వాలా?

సీతాఫలం:
కొమ్మ విరిగిపడ్డాక, 2017 డిసెంబరులో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు కింద జనం తిరగడం ఆపేశారు. చెదలు పట్టిన మాట నిజమే. కానీ వైద్యం జరిగి ఏళ్లయింది. ఇంకా దూరం నుంచే చూడాలంటే ఎలా? ఊడ పట్టుకోకుండా, నీడలో కూర్చోకుండా పిల్లలకు చెట్టు మీద ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది?

పాలమూరు అక్క:
నాదీ అదే మాట. మా స్కూలు పిక్నిక్ అంటే అక్కడికే. ఆ నీడలోనే సద్దులు విప్పుకుని తినేవాళ్లం. ఇప్పుడు ఎక్కడ చెట్టు కొట్టేస్తున్నా నా కడుపు తరుక్కుపోతుందంటే ఆ రోజుల వల్లే.

మర్రిఊడ:
అక్కా, మీ ప్రేమను కాదనను. కానీ ఆ చెట్టుకు ఏమైందో చూడండి. కొమ్మల నుంచి దిగిన ఊడలు నేలలో పాతుకుని, మానులై బరువు మోశాయి కాబట్టే అది మూడెకరాలకు పైగా పాకింది. జనం తొక్కీ తొక్కీ నేల గట్టిపడితే ఊడ కొస లోపలికి దిగదు. లేత ఊడ పట్టుకుని ఊగితే తెగిపోతుంది. కొమ్మ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, కింద ఆసరా ఉండదు. పైగా చెదలు. ఇక విరగక ఏం చేస్తుంది? కొమ్మలెక్కి కూర్చున్నవాళ్లు, బెరడు మీద పేర్లు చెక్కినవాళ్లు కూడా చెట్టును చూడాలని ఇష్టంగా వచ్చినవాళ్లే.

2018లో చేసిన వైద్యం గుర్తుందా? మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. చివరికి చెదల మందు క్లోర్‌పైరిఫాస్‌ను నీళ్లలో కలిపి, సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఊడలు మోయాల్సిన బరువును సిమెంటు మోస్తుంటే చూడటానికే బాధగా ఉంటుంది. ఏడువందల ఏళ్లదని చెప్పుకునే చెట్టండీ అది!

సీతాఫలం:
పేర్లు చెక్కినవాళ్లు పెద్దవాళ్లు, శిక్ష మాత్రం పిల్లలకా? చెక్కినవాడికి జరిమానా వేయండి. కాపలా పెట్టడం కష్టం, తాళం వేయడం సులువు, అందుకే తాళం వేస్తారు. రోజుకు కొంతమందినే, నేల తొక్కకుండా చెక్క బాట మీదుగా పంపొచ్చు కదా.

మర్రిఊడ:
బాట నేలకు ఎత్తుగా, ఊడలు దిగే చోటు వదిలేసి కడితే నాకేం అభ్యంతరం లేదు. కానీ ముట్టుకుని ప్రేమించడానికి పిల్లలమర్రే కావాలా? చాలా ఊళ్లలో చెరువు గట్టు మీద ఓ మర్రిచెట్టో రావిచెట్టో ఉంటుంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. రోడ్డు కోసం దాన్ని కొట్టేస్తామన్నప్పుడు వెళ్లి అడగండి. హైదరాబాద్ దగ్గర చేవెళ్ల దారిలో రోడ్డు వెడల్పుకు కొట్టేస్తామన్న మర్రిచెట్ల కోసం కొందరు పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. చెట్టు మీద ఇష్టం ఉందంటే నాకు అలాంటివాళ్లే గుర్తొస్తారు.

పాలమూరు అక్క:
చేవెళ్ల సంగతి వేరు తమ్ముడూ, ఇరుకు రోడ్డు మీద ప్రాణాలు పోతున్నాయి. దాని మీద వేరే చర్చ పెట్టు, వస్తా. ఇక్కడ మాత్రం ఎత్తు బాట అయితే నాకూ సరే. అది కట్టాక మొదట స్కూలు పిల్లల్నే పంపాలి.