హూజర్లు అంటే ఎవరు?

మా అబ్బాయి అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఇండియానా వాళ్లు తమను హూజర్లమని చెప్పుకుంటారట. ఆ మాట ఎలా వచ్చిందని అడిగితే తలో కథ చెప్పారట. తెలిసినవారు చెప్పగలరా?

— కథలకేం కొదవండీ! రాత్రిపూట తలుపు తడితే లోపలివాళ్లు ‘హూజ్ హియర్’, ఎవరక్కడ, అనేవారని ఒకటి. సారాకొట్లో తన్నుకున్న మర్నాడు నేలమీద తెగిపడ్డ చెవిని చూసి ఎవరో ‘హూజ్ ఇయర్’, ఈ చెవి ఎవరిది, అన్నారని ఇంకొకటి. ఇది అక్కడి కవి జేమ్స్ విట్‌కోమ్ రైలీ పేరుమీద తిరిగే హాస్యం. లూయీవిల్ కాలువ పనుల్లో శామ్యూల్ హూజర్ అనే గుత్తేదారు ఇండియానా కూలీలనే పెట్టుకున్నాడని మరొకటి. అలాంటి గుత్తేదారు ఉన్నట్టు ఆధారమే దొరకలేదు. తెలుగుకు త్రిలింగాన్ని అతికించిన వాళ్ల చుట్టాలే వీళ్లూ.

నాకు నమ్మబుద్ధయ్యేది 1907లో జేకబ్ డన్ చెప్పినది. అమెరికా దక్షిణాదిలో మొరటు పల్లెటూరివాణ్ణి హూజర్ అని ఎగతాళి చేసేవారు. ఇండియానాకు తొలినాళ్లలో వలస వచ్చినవాళ్లలో చాలామంది ఆ దిక్కువాళ్లే, వెక్కిరింత వాళ్ల వెంటే వచ్చింది. ఇంగ్లండులోని కంబర్లండ్ యాసలో ఏదైనా మరీ పెద్దదాన్ని ‘హూజర్’ అనేవారని, మూలం అదేనని కూడా అన్నాడాయన. ఆ చివరి మెట్టు కాస్త వదులే. 1833 జనవరి 1న ఇండియానాపోలిస్ జర్నల్‌లో జాన్ ఫిన్లీ పద్యం అచ్చయ్యేసరికి మాత్రం ఆ మాటను మనవాళ్లు అన్నంత ఆప్యాయంగా వాడేశారు.

— 1806లో పోయిన నల్లజాతి మెథడిస్టు బోధకుడు హ్యారీ హూజర్‌ను మరిచారు. చదువు రాకపోయినా మహావక్త. ఆయన వెంట నడిచినవాళ్లను చులకనగా అలా పిలిచారని కొందరు చరిత్రకారుల వాదన.

— నిజమేనండీ, కాలం సరిపోతుంది. ఆయన పేరు ఇండియానా దాకా ఎలా నడిచిందో చూపే లంకె ఒక్కటి గట్టిగా దొరికితే నేనూ అటే మొగ్గుతాను.

— సెయింట్ లూయిస్‌లో అది ఇప్పటికీ తిట్టే, జాగ్రత్త! నిఘంటువులో ఆ చెడ్డ అర్థం తీసెయ్యమని 1987లో ఇండియానా సెనేటర్ డాన్ క్వేల్ మెరియమ్ వెబ్‌స్టర్ వాళ్లను అడిగితే కుదరదన్నారు. 2017లో అమెరికా కేంద్ర ప్రభుత్వ ముద్రణాలయం మాత్రం ఇండియానావాళ్లకు ‘ఇండియానన్’ అనే పేరు తీసేసి హూజర్‌నే అధికారికం చేసింది.

అన్నట్టు మీ అబ్బాయికి చెప్పండి: ఇండియానా యూనివర్సిటీ జట్ల పేరు కూడా హూజర్సే. పర్డ్యూ వాళ్లు బాయిలర్‌మేకర్స్. బాస్కెట్‌బాల్ మ్యాచ్ రోజున ఆ క్యాంపస్‌లో నేను హూజర్‌నని గొంతెత్తి అనకపోవడమే మంచిది.