80 గజాల వరుస ఇళ్ళు: 45 లక్షల్లో సాధ్యమేనా? మధ్య గోడ ఒకటా, రెండా?

పునాదిరాయి:
హైదరాబాద్ శివార్లలో మధ్యతరగతికి ఫ్లాటే గతి అనడం ఒప్పుకోను. పక్కపక్కనే ఆనుకుని వరుస ఇళ్ళు కట్టొచ్చు. ఒక్కో ఇంటికి స్థలం 16×45 అడుగులు, అంటే 80 గజాలు. ముందు 17 అడుగులు కారుకి, 22 ఇంటికి, వెనక 6. లోపల 15×21 చొప్పున రెండంతస్తులకు 630 చదరపు అడుగులు. కార్పెట్ ఏరియా (బయటి గోడలు పోగా లోపలి స్థలం) 60 చదరపు మీటర్లు (646 చదరపు అడుగులు), ధర 45 లక్షలు, ఈ రెండూ దాటకపోతే నిర్మాణంలో ఉన్న ఇంటిపై జీఎస్టీ 1 శాతమే. ఏ ఒక్కటి దాటినా 5. లోతు 22 అడుగులే కనుక చీకటి గది ఉండదు. మధ్యలో 9 అంగుళాల ఉమ్మడి గోడ ఒకటి చాలు.

గజంలెక్క:
భూమి సంగతి వదిలేశారు. ఎకరం 4840 గజాలు. రోడ్లకీ పార్కుకీ 40 శాతం తీస్తే మిగిలిన 2904లో పట్టేవి 36 ఇళ్ళు. అంటే ఇంటికి పడే భూమి 80 కాదు, 134 గజాలు. గజం 10 వేలైతే 13.4 లక్షలు, మీ లెక్క నిలుస్తుంది. 30 వేలైతే భూమికే 40 లక్షలు. అక్కడ ఫ్లాట్లే దిక్కు.

తాపీబద్ద:
ఉమ్మడి గోడ వద్దండి. 8 ఇళ్ళ వరుస 128 అడుగులు, 39 మీటర్లు. కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఎక్స్‌పాన్షన్ జాయింట్ (ఎండకి కట్టడం సాగడానికి వదిలే సందు) గురించి ఆలోచించాల్సింది 45 మీటర్లు దాటాక కాబట్టి పగుళ్ళ భయం తక్కువే. చిక్కంతా హక్కుల దగ్గర. పదేళ్ళకి ఒకాయన ఇల్లు పడగొట్టి కట్టాలంటే పక్కింటి దూలాలూ అవే పిల్లర్ల మీద ఉంటాయి. బాత్రూం పైపుకి ఒకరు గాడి కొడితే చెమ్మ రెండో ఇంట్లో దిగుతుంది. ఎవరి 6 అంగుళాల గోడ వాళ్ళది, ఎవరి పిల్లర్లు వాళ్ళవి, మధ్యన అంగుళం సందు ఉంచి పైన రేకుతో మూయాలి. పునాది మాత్రం జంట పిల్లర్లకి కలిపి వేయొచ్చు.

పునాదిరాయి:
మరి ఖర్చు? గోడ రెండింతలవుతుంది కదా.

తాపీబద్ద:
రెండింతలయ్యేది పక్క గోడే, ఇల్లంతా కాదు. పక్కపక్క ఇళ్ళ ప్లాన్లు అద్దంలో బొమ్మల్లా తిప్పి, మెట్లు మెట్లకి ఆనించండి. ఆ వైపు నుంచి పడకగదుల్లోకి చప్పుడు తగ్గుతుంది. కింద ఒక పడకగదీ స్నానాలగదీ ఉండాల్సిందే, మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ మెట్లెలా ఎక్కుతుంది?

మురుగుబాట:
గోడ కన్నా ముందు డ్రైనేజీ తేల్చుకోండి. లైను వెనక 6 అడుగుల్లోంచి వేస్తే రెండేళ్ళలో ఎవరో ఒకరు అక్కడ వంటగది పెంచి చాంబర్ (మురుగు లైను శుభ్రం చేసే తొట్టి) మీద టైల్స్ వేసేస్తారు. మూడో ఇంటి దగ్గర అడ్డుపడితే ఎగువనున్న ఒకటి, రెండు ఇళ్ళ బాత్రూముల్లోకి తన్నుకొస్తుంది. మెయిన్ లైను ముందు వీధిలోనే ఉండాలి. ప్రతి ఇంటికీ వేరే చాంబర్, మూత బయట కనిపించాలి. వంటగదీ స్నానాలగదీ వీధివైపు జరిపితే ఇంట్లో పైపు పొడవు బాగా తగ్గుతుంది. హాలు వెనక్కి వెళ్తుంది, దానికి ఒప్పుకోవాలి.