నాన్న పేరు మీద పశువులు దానం చేయాలనుకుంటున్నాం, ఆవా? మేకలా? డబ్బా?

శారద:
మా నాన్నగారు పోయి వచ్చే నెలకు ఏడాది. పాడి మీదే మమ్మల్ని నలుగురినీ చదివించారు. అందుకే ఆయన పేరు మీద పేద కుటుంబాలకు పశువులు ఇప్పించాలని తోబుట్టువులం డబ్బు పోగేశాం. ఒక స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైట్‌లో ఆవు, మేక, కోళ్లు, ఒక్కోదాని బొమ్మ కింద ఒక్కో మొత్తం వేశారు. అన్నయ్య ఆవే ఇద్దామంటాడు. తమ్ముడేమో డబ్బు చేతికిస్తే ఏది కావాలో వాళ్లే కొనుక్కుంటారు కదా అంటాడు. నా భయం వేరు. మనం ఇచ్చిన జీవం వాళ్లకు బరువైతే? ఈ పనిలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

రామం:
శారద గారూ, పశువుల పంపిణీ కార్యక్రమంలో 11 ఏళ్లు ఫీల్డ్‌లో తిరిగాను. చెవి ట్యాగులు వేయడం, టీకాలు, తర్వాత ఇంటింటికీ వెళ్లి చూడటం నా పని. మీ భయం నిజమేనండి.

మొదటి ఏడాది, ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉన్న ఒకావిడకు పాలెక్కువ ఇచ్చే సంకరజాతి ఆవును ఇచ్చాం. దండ వేసి ఫొటో తీశాం. అలాంటి ఆవు ఎండల్లో రోజుకు 60 లీటర్ల పైనే నీళ్లు తాగుతుంది. ఆవిడ నీళ్లు దూరం నుంచి మోసుకురావాలి, మేత కొనాలి. కూలికి వెళ్తే ఆవు పస్తు, ఆవు దగ్గర ఉండిపోతే పిల్లలు పస్తు. నాలుగో నెలలో నేను వెళ్లేసరికి కొట్టం ఖాళీగా ఉంది. అమ్మేసింది. రిజిస్టర్లో ఆవిడ పేరు పక్కన ‘నిబంధన ఉల్లంఘన’ అని రాశాం. రాసింది నేనే. తప్పు మాది, పేరు ఆవిడది. ఇప్పటికీ ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంది.

తర్వాత మేకలకు మారాం. మేక చూడి కాలం ఐదు నెలలే, ఆవుకు తొమ్మిది దాటుతుంది. చాలా మేకలు కవలల్ని ఈనుతాయి. ఇంట్లో జ్వరమొస్తే ఒక మేకపిల్లను అమ్మి గట్టెక్కొచ్చు. ఒక్క ఆవే ఉంటే ఉన్న ఆస్తంతా అమ్మాల్సిందే. కాకపోతే ఒంటరి మేక బెంగ పెట్టుకుంటుంది, కనీసం రెండు ఇవ్వాలి. ఆ వాతావరణానికి అలవాటు పడ్డ జాతి అయ్యుండాలి. మేకలకు సోకే పీపీఆర్ అనే అంటువ్యాధికి టీకా ముందే వేసి, కొన్నాళ్లు విడిగా ఉంచి చూశాకే పంచాలి. కొన్న రోజునే పంచేస్తే, ఒక్కటి జబ్బుతో వచ్చినా ఆ ఇంట్లో ఉన్న మేకలకూ అంటుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, మేక వచ్చిన రోజు నుంచి మొదటి పిల్ల అమ్ముడయ్యేదాకా దాదాపు ఏడాది. ఆ ఏడాది వాళ్ల పొయ్యి ఎలా వెలుగుతుందో ఆ సంస్థను అడగండి. జవాబు లేకపోతే డబ్బు ఇవ్వకండి.

కిరణ్:
రామం గారి మాటకు పరిశోధనల్లోనూ ఆధారం ఉంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో అతి పేదల కోసం మొదలుపెట్టిన పద్ధతిలో పశువుతో పాటు కొన్నాళ్ల బతుకు ఖర్చు, శిక్షణ, పొదుపు, తరచూ వచ్చి చూసే మనిషి, అన్నీ కలిసే ఉంటాయి. అదే పద్ధతిని ఆరు దేశాల్లో పరీక్షించి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2015లో ఫలితాలు ప్రచురించింది. కార్యక్రమం ముగిసిన ఏడాదికి కూడా చాలాచోట్ల ఆదాయం, తిండి మెరుగ్గానే ఉన్నాయి. హోండురాస్‌లో మాత్రం చాలామంది కోళ్లు తీసుకున్నారు, అవి జబ్బుతో చచ్చిపోయాయి. ఘనాలో కొందరికి ఉత్త మేకలే ఇచ్చి చూశారు, నిలిచే లాభం కనబడలేదు.

మీ తమ్ముడి మాట కొట్టిపారేయకండి. మంచి పశువులు దగ్గర్లో దొరికే చోట, మేపడం తెలిసినవాళ్లకు డబ్బే నయం కావచ్చు.

నీలవేణి:
నేను తీసుకున్నవాళ్ల వైపు నుంచి చెప్తాను. మా అమ్మకు రెండు మేకలు వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పుట్టిన మొదటి ఆడ మేకపిల్లను ఇంకో కుటుంబానికి ఇవ్వాలని షరతు. అమెరికా రైతు డాన్ వెస్ట్ 1944లో మొదలుపెట్టిన హైఫర్ సంస్థలోనూ ఇదే పద్ధతి అని పెద్దయ్యాక చదివాను. అప్పుడు మాత్రం ఆ పిల్లను పట్టుకుని ఏడ్చేశాను, నా పక్కలోనే పడుకునేది అది. అమ్మ దాన్ని శుభ్రంగా తుడిచి, తనే నడిపించుకుంటూ ఆ ఇంటికి తీసుకెళ్లింది. గిట్టలు ఎలా కత్తిరించాలో, కడుపు ఉబ్బితే ఏం చేయాలో గంటసేపు కూర్చుని చెప్పింది. అంతవరకు మా అమ్మను సలహా అడిగినవాళ్లే లేరండి. ఆ తర్వాత ఆ ఇంటావిడ ప్రతి చిన్నదానికీ ‘అక్కా’ అంటూ మా గుమ్మంలోకి వచ్చేది.

శారద:
అందరికీ చాలా థాంక్స్. నీలవేణి గారూ, మీరు రాసింది అన్నయ్యకు చదివి వినిపించాను. ఈరోజు ఆ సంస్థకు ఫోన్ చేశాం. బొమ్మలోని పశువే ఒక ఇంటికి వెళ్తుందని కాదట, డబ్బంతా మొత్తం కార్యక్రమంలో కలుస్తుందట. ఏడాది పోషణ సంగతి అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. ఇంకో సంస్థ మాత్రం నెలనెలా ఖర్చుకు ఇస్తాం, 18 నెలలు మనిషి వెళ్లి చూస్తాడు అని కాగితం పంపింది. ఆవు ఆలోచన మానుకుని, వాళ్ల ద్వారా మూడు కుటుంబాలకు రెండేసి మేకలు ఇద్దామనుకుంటున్నాం. కొట్టం మీద నాన్న పేరుతో చిన్న ఫలకం పెట్టించమంటున్నాడు అన్నయ్య. పెట్టించవచ్చా?

రామం:
ఫలకం వద్దండి. ఆ డబ్బు నట్టల మందుకు ఇవ్వండి, మూడు నాలుగు నెలలకోసారి తాగించాలి.