కార్తీకమాసంలో మార్ష్‌మాలో కేకు: గుడ్డు లేకపోతే సరిపోతుందా?

భీమవరం కోడలు:
వచ్చే ఆదివారం మా పాప ఏడో పుట్టినరోజు. కార్తీకం కదా, మా అత్తగారు ఇంట్లో గుడ్డు వాసన కూడా రానివ్వరు. అందుకని వెన్నలో మార్ష్‌మాలోలు (దూదిలా మెత్తగా సాగే మిఠాయి) కరిగించి, రైస్ క్రిస్పీస్ (మరమరాల్లాంటి డబ్బా సీరియల్) కలిపి, గుండ్రటి గిన్నెల్లో అదిమి, మూడు పొరలుగా పేర్చే కేకు చేద్దామనుకున్నాను. గుడ్డూ లేదు, ఓవెనూ అక్కర్లేదు. మా తోటికోడలేమో "అది గుడ్డు కన్నా ఘోరం" అంటోంది. నిజమేనా అండి?

గోదారి గట్టు:
నిజమేనండి. మామూలు మార్ష్‌మాలో అలా సాగేది జెలటిన్ వల్ల. ఆ జెలటిన్ తీసేది పశువుల తోలు, ఎముకల నుంచి. ప్యాకెట్ మీద మాంసాహారమని చెప్పే గోధుమరంగు గుర్తు ఉందేమో చూడండి.

కాకినాడ చిన్నోడు:
పిల్లల సరదాకి కూడా మాసాలూ తిథులూనా? ఆవిడకి పాలకోవా పెట్టండి, గొడవ వదిలిపోతుంది.

గోదారి గట్టు:
తెలిసి మానెయ్యడం వేరు, తెలియక తినెయ్యడం వేరు చిన్నోడా. మనవరాలు నోట్లో పెడితే ఏ మామ్మ వద్దంటుంది?

రాజోలు రాణి:
జెలటిన్ గొడవలోకి నేను రాను గానీ నిరుడు చేశాను కాబట్టి చెబుతున్నా. 45 గ్రాముల వెన్న, 280 గ్రాముల మార్ష్‌మాలోలు, ఆరు కప్పుల రైస్ క్రిస్పీస్. 1939లో అమెరికాలో కెలాగ్స్ కంపెనీలో మలిటా జెన్సెన్, మిల్డ్రెడ్ డే అనే ఇద్దరు మొదలుపెట్టిన వంటకం ఇది. సన్నసెగ మీదే కరిగించాలి, మంట పెంచారా రాయి, గట్టిగా అదిమారా అప్పుడూ రాయే. నేను చేసిన తప్పేంటంటే ముందురోజు రాత్రే క్రీమ్ రాసి ఫ్రిజ్‌లో పెట్టేశాను, తెల్లారేసరికి క్రీమ్ తగిలిన చోటల్లా నాని ముద్దయింది, మిగతాది చాకు దిగకుండా బిగిసిపోయింది, చివరికి మా ఆయన బొండాలు కొట్టే కత్తి పట్టుకొచ్చారు (ఆ ఫోటో ఇంకా ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతోంది). పొరల మధ్య కరిగించిన చాక్లెట్ అయితే నయం, అందులో నీరుండదు. అయినా వాయుగుండం పట్టిందంటే మూత తీసిన గంటకే మరమరాలు మెత్తబడే ఊళ్లు మనవి.

అమలాపురం బాబాయ్:
ఆయ్, ఇంతా చేసి అది మరమరాల అచ్చేగా అండి! బెల్లం పాకం పట్టి అదే గిన్నెలో అదమండి, మీ అత్తగారే మొదటి ముక్క తింటారు.

కాకినాడ చిన్నోడు:
ఆ సాగుడు పాకంలో ఎక్కడొస్తుంది బాబాయ్ గారూ? పిల్లకి కావలసింది అదే కదా.

భీమవరం కోడలు:
ప్యాకెట్ తిప్పి చూశాను, గోధుమరంగే. పాప రెండు రోజులు అలిగింది. మూడు అంతస్తులూ ఉంటాయి, మధ్యలో చాక్లెట్ కూడా ఉంటుంది అంటే ఒప్పుకుంది. మరమరాలకే ఫిక్స్ అయిపోయాను. బాబాయ్ గారూ, అది కొయ్యడానికి వస్తుందా? కొవ్వొత్తులు దిగుతాయా?

అమలాపురం బాబాయ్:
ముందు మరమరాలు ఉత్త మూకుట్లో కరకరలాడేదాకా వేయించండి. పాకం ముదరనివ్వద్దు, నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి, పళ్లానికేసి కొడితే టంగుమనకూడదు. ఆదివారం పొద్దున్నే చెయ్యండి, చాకుకి నెయ్యి రాయండి. కొవ్వొత్తులకి మాత్రం వేడి మీదుండగానే మూడు కొబ్బరి ఈనెలు కలిపి పట్టుకుని ఏడు కన్నాలు పొడిచి ఉంచుకోండి, ఆరాక దిగవు.