నా నవల్లో రాజధాని పడిపోతే ఎవరూ నమ్మట్లేదు, ఏం చేయాలి?

మారతహళ్లి_రాతగాడు:
అందరికీ హాయ్. బెంగళూరులో పీజీలో ఉంటా, పగలు టెస్టింగ్ ఉద్యోగం, రాత్రి పదకొండు దాటాక ఫాంటసీ నవల. రాజధాని పేరు శిలావతి. కొండ కింద ఒక యాళి, అదే గుడి స్తంభాల మీద చెక్కే సింహం లాంటి జంతువు, నిద్రపోతుంటది, అది ఊపిరి వదిలినప్పుడల్లా కొండరాళ్లు చెమర్చి ఊటలు పుడతాయి, అందుకని నడి వేసవిలో కూడా వరి పండుద్ది, అట్లా గొర్రెల కాపర్ల పల్లె కాస్తా మూడొందల ఏళ్లకి ఐదు ప్రాకారాల పట్నం అయింది. ఇదంతా బాగానే వచ్చింది. 41వ చాప్టర్లో ఉత్తరం నుంచి మంత్రగాళ్ల సైన్యం వచ్చి ఒక్క రాత్రిలో తగలబెట్టేస్తది. మా రూమ్మేట్ చదివి "మూడొందల ఏళ్లు కట్టింది మూడు పేజీల్లో పోయిందేంట్రా, కరెంటు పోయినట్టు" అన్నాడు. రెండ్రోజుల నుంచి ఫైలే తెరవలేదు. పెద్ద రాజధాని నిజంగా ఎట్లా పడిపోద్ది?

పెనుకొండోడు:
తమ్ముడూ, హంపి ఎన్నిసార్లు పోయినావు? బెంగళూరు నుంచి ఒక రాత్రి బస్సు అంతే. మనమంతా తళ్లికోట యుద్ధంలో విజయనగరం కూలిపోయింది అని ఒక్క ముక్కలో చదివేసినాం గానీ 1565 జనవరి 23న యుద్ధం జరిగింది ఊర్లో కాదు, ఎక్కడో కృష్ణ దగ్గర. రాజ్యం నడిపిస్తున్న రామరాయల్ని చంపేసినారు అనే కబురు ఊర్లోకొచ్చింది. 1443లో వచ్చిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ ఆ ఊరికి ఏడు కోటలు అని రాసినాడు కదా, వాటి దగ్గర పెద్ద యుద్ధమే జరగలా. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు వచ్చి ఖజానా ఏనుగులకెత్తించి, పేరుకి చక్రవర్తి అయిన సదాశివరాయల్ని వెంటబెట్టుకొని మా పెనుకొండకొచ్చేసినాడు. దోపిడీ ఆ తర్వాత, అదీ నెలల తరబడి. నీ సీన్ మంటలు కాదబ్బా, తెల్లారుజామున ఏనుగులు వరసగా పోతా ఉంటే అరుగు మీద కూర్చున్న ముసలామె "యాడికి పోతాండారు" అని అడగడం, ఎవురూ బదులు చెప్పకపోవడం.
ఇంకోటి. హంపిలో ఆ రాజుల కాలంనాటి తుర్తు కాలువ ఇప్పటికీ పారతానే ఉంది, దాని కింద అరటి తోటలు. నీ యాళి కూడా ఊపిరి తీస్తానే ఉండనీ.

గుంటూరమ్మాయి_ఎచ్చెస్సార్:
పెనుకొండ అన్నా, సీన్ సూపర్, కానీ రాజు పారిపోతే ఊరు పోయింది అంటే సగమే చెప్పినట్టు. ఊరిని నిలబెట్టింది ఏంటో చూడాలి కదండీ. విజయనగరానికి నీళ్లు ఎంతో గుర్రాలు అంతే, ఇక్కడ మంచి జాతి గుర్రాలు పుట్టవు, అరబ్బు దేశం నుంచి ఓడల్లో రావాలి. గుర్రాల వ్యాపారి నూనిజ్ అనే పోర్చుగీసాయన రాసింది చదివితే నవ్వొస్తుంది, విజయనగరం రాజు సాళువ నరసింహరాయలు గుర్రం సముద్రంలో చచ్చిపోయినా సరే తోక తెచ్చి చూపిస్తే బతికున్న గుర్రానికిచ్చినంత డబ్బూ ఇచ్చేవాడట! రేవులో ఎవడో ఎండిపోయిన తోకలు మూటగట్టుకుని నిలబడితే, గుమాస్తా లెక్కపెట్టి వరహాలు ఇస్తున్నాడు అనుకోండి. అంత అవసరం అన్నమాట. శిలావతికి బయట నుంచి రావాల్సింది ఏంటి? అన్నీ యాళే ఇచ్చేస్తే ఆ ఊరికి పొరుగువాడితో పనే లేదు, పని లేకపోతే శత్రువు కూడా పుట్టడు, అందుకే మీ మంత్రగాళ్లు ఊడిపడ్డట్టున్నారు.

కాఫీపొడి:
మంత్రగాళ్లు ప్రతిసారీ ఉత్తరం నుంచే ఎందుకొస్తారు బ్రో, దక్షిణం నుంచి బస్సులు లేవా 😂

వేళచ్చేరి_నెల్లూరోడు:
పడిపోయాక ఏమైందో కూడా రాయండి సార్, నాకైతే అదే ఇంట్రస్టు. పెనుకొండ తర్వాత రాజధాని చంద్రగిరికి పోయింది, వేలూరుకి పోయింది, రాజ్యం చిక్కిపోయినా పేరు మాత్రం బతికే ఉండింది. ఆ చివరి రోజుల్లోనే 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇక్కడ సముద్రం ఒడ్డున ఇసక నేల ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చాడు, వాళ్లు జార్జి కోట కట్టుకున్నారు. వాళ్ల నాన్న చెన్నప్ప పేరుమీదే చెన్నపట్నం అంటారు. నేను రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే ఊరు ఒక పెద్ద ఊరు పడిపోయిన చాలా ఏళ్లకి, దాని తాలూకు మనిషి రాసిచ్చిన కాగితంతో మొదలైంది. శిలావతి వాళ్లు కూడా ఎవరికో ఎక్కడో పనికిరాని నేల అనుకొని ఏదో ఇచ్చేసి ఉంటారు చూడండి.

చెరువుగట్టు:
లేటుగా వచ్చా. మా తాత నీరుగంటి. తూము ఎప్పుడు ఎంత ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు అనేది ఆయన చేతిలో ఉండేది, కోతల్లో రైతులు ఇచ్చే గింజలే జీతం. రాత్రిళ్లు లాంతరు పట్టుకుని పార భుజానేసుకుని గట్టు మీద తిరిగేవాడు, ఎవరైనా దొంగతనంగా గండి కొడితే నీళ్ల చప్పుడు బట్టి కనిపెట్టేవాడు. ఇప్పుడు నేను బెంగళూరు మెజెస్టిక్‌ బస్టాండులో బస్సు దిగినప్పుడల్లా అది ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు అని గుర్తొస్తుంది. ఆ చెరువును ఎవరూ యుద్ధం చేసి గెలుచుకోలేదు. మీ శిలావతిలో నీరుగంటి ఎవరు?

మారతహళ్లి_రాతగాడు:
చెరువుగట్టు గారూ, లేడండి. 40 చాప్టర్లలో రాజులు, సేనాపతులు, ఇద్దరు పూజారులు ఉన్నారు గానీ నీళ్లు వదిలేవాడు ఒక్కడు లేడు, ఇప్పుడే వెతికా. 12వ చాప్టర్లో రాణి కోసం కొత్త మహలు కడతారు, అది కరెక్టుగా పెద్ద ఊట మీదే కట్టారని రాసి నేనే మర్చిపోయా. అంటే యాళి ముక్కు మీద బండ పెట్టినట్టే కదా. ఆ రాత్రి నీరుగంటి గట్టు మీద నిలబడితే ఊపిరి చప్పుడు కొంచెం తేడాగా వినపడాలి, వెళ్లి చెప్తే గుమాస్తా నవ్వాలి. మంత్రగాళ్లని తీసేస్తున్నా. కాఫీపొడి బ్రో హ్యాపీనా?
పెనుకొండ అన్నా, ఆ ముసలామె నాకు కావాలి, వాడుకోవచ్చా?

పెనుకొండోడు:
వాడుకో. పేరు మాత్రం మా అవ్వ పేరు పెట్టాల, మెసేజ్ చేస్తా.