పండక్కి ఊరెళ్తే పిల్లిని చూసినందుకు రెట్టింపు రేటా?

కొండాపూర్_వాసి: సంక్రాంతికి భీమవరం వెళ్తున్నాం, ఐదు రోజులు. మా చిట్టిని చూసుకోవడానికి ఒకామెను అడిగాను. మామూలుగా పూటకు 400 అట, భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ 800 అంటోంది. గిన్నెలో తిండి వెయ్యడం, నీళ్లు మార్చడం, లిట్టర్ (అది దొడ్డికెళ్లే ట్రేలోని మట్టి) తియ్యడం, అంతా కలిపి అరగంట పని. ఇక్కడ ఈ పని చేసేవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, ఇదేం లెక్క?

మియాపూర్_మావయ్య: పక్కింటివాళ్లకి తాళంచెవి ఇస్తే పోతుంది కదా బాబూ.

కొండాపూర్_వాసి: పక్కింటివాళ్లు కూడా ఊరే వెళ్తున్నారండి.

పిల్లులక్క: నేను నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను, నన్ను చెప్పనివ్వండి. అరగంట అంటే మీ తలుపు లోపల గడిచేదే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగి, అక్కడ ఆటో పట్టుకుని మీ ఇంటికొచ్చేది ఎవరి టైము? పండగ మూడు రోజులూ నా దగ్గర ఆరిళ్ల తాళంచెవులు ఉంటాయి. కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కడతాను. మాదీ ఊరే, జనగామ వైపు. నాలుగు సంక్రాంతులుగా మా అమ్మ వేసిన ముగ్గు ఫోన్లోనే చూస్తున్నాను.

తిండి వెయ్యడం ఎవరైనా చేస్తారు. నేను చేసే అసలు పని ట్రేలో ఉండలు లెక్కపెట్టడం. మట్టి మూత్రానికి గడ్డకడుతుంది కదా, నిన్న మూడుంటే ఇవాళ ఎన్ని, సైజు ఎంత అని చూస్తాను. మగపిల్లికి మూత్రం ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. రెండు మూడు రోజులు తిండి మానేస్తే లివర్ పాడయ్యే ప్రమాదం ఉంది. పిల్లి నొప్పి చెప్పదు, మంచం కిందికి పోయి కూర్చుంటుంది.

కొండాపూర్_వాసి: అరగంట అన్నారు కదా. దసరాకి వచ్చినామె 19 నిమిషాలే ఉంది. హాల్లో కెమెరా ఉంది, నేను చూశాను. 19కి 30 నిమిషాల డబ్బులు ఎందుకివ్వాలి?

పిల్లులక్క: దసరాకి వచ్చింది నేను కాదండి. నేను రేటు గురించి చెప్తున్నాను.

కొండాపూర్_వాసి: నేనూ రేటు గురించే. ఆ 11 నిమిషాలు ఎక్కడికి పోయాయి?

నిజాంపేట్_నవీన్: అన్నా, ప్రైవేటు బస్సువాళ్లు పండక్కి రేటు పెంచితే నోరు మూసుకుని కొంటాం. మన పిల్లిని చూసే మనిషి దగ్గరే బేరం.

అల్వాల్_శారద: బోర్డింగ్‌లో, అదే పెంపుడు జంతువుల హాస్టల్లో పెట్టండి. రోజు లెక్కన తీసుకుంటారు, నిమిషాల గొడవ ఉండదు.

పిల్లులక్క: శారద గారూ, కొన్ని పిల్లులకి బోర్డింగ్ బాగానే ఉంటుంది. కానీ చాలా పిల్లులు చోటు మారితేనే బెదిరిపోతాయి. పక్క బోనులో కుక్క మొరుగుతుంటే అసలు తినవు. టీకాలు పూర్తి కాకపోతే అంటురోగాల భయం ఒకటి. సొంతింట్లో ఉంచితే మేలని అందుకే అంటాం.

కెమెరా మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్తాను. పోయినేడాది ఒకరింట్లో పిల్లి నా ఒళ్లోకి ఎక్కింది. రెండు రోజులుగా దగ్గరికే రాని పిల్లి. కదిలితే దిగిపోతుందని సోఫా అంచున కూర్చున్నాను. కెమెరాలోంచి గొంతొచ్చింది, "సోఫా మీద కూర్చోకండి" అని. పిల్లి ఉలిక్కిపడి పారిపోయింది. నాకు చెయ్యి వణికింది.

కొండాపూర్_వాసి: మా ఇల్లు, మా కెమెరా. కూర్చోడానికి కూడా డబ్బులివ్వాలా?

పిల్లులక్క: ఇవ్వాలి. కూర్చోవడమే పని. మీ చిట్టి దగ్గరికొచ్చి వాసన చూసేదాకా నేలమీద కదలకుండా కూర్చోవడం పని. అది తెలియని మనిషికి 400 కూడా ఎక్కువే అనిపిస్తుంది.

నిజాంపేట్_నవీన్: పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లు పిల్లిని పెంచకూడదు.

కొండాపూర్_వాసి: నవీన్, నోరు అదుపులో పెట్టుకో. నా గురించి నీకేం తెలుసు?

రెండేళ్ల కింద మాకు బుజ్జి అని ఇంకో పిల్లి ఉండేవాడు. మూడు రోజులు ఊరెళ్లాం. చూసుకోవడానికి పెట్టిన సిట్టర్ రోజూ "బాగున్నాడు సార్" అని ఫొటో పంపాడు. మూడు రోజులూ అదే దుప్పటి, అదే వెలుతురు. ఒకే రోజు తీసిన ఫొటోలని ఇంటికొచ్చాక అర్థమైంది. బుజ్జి మంచం కింద పడి ఉన్నాడు. మూత్రం ఆగిపోయి రెండు రోజులైందన్నారు డాక్టరు. ఆ రాత్రే పోయాడు. ఆ సిట్టర్ ట్రే ముట్టుకోనేలేదు. 800 నాకు లెక్క కాదు, 2000 అయినా ఇస్తాను. మళ్లీ అలా జరగకూడదని కెమెరా పెట్టాను, నిమిషాలు లెక్కపెడుతున్నాను.

అల్వాల్_శారద: అయ్యో బాబూ.

పిల్లులక్క: ఇది మొదటి పోస్టులో రాయాల్సింది సార్. రేటు గురించి మనం ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు. బుజ్జి విషయంలో జరిగింది ఘోరం, దాన్ని ఎవరూ వెనకేసుకురాలేరు.

కానీ ఆ మనిషి రోజూ 30 నిమిషాలు సోఫాలో కూర్చుని వెళ్లినా బుజ్జి బతికేవాడు కాదు. హాల్లో కెమెరాకి ట్రే కనపడదు. నన్నడిగితే ట్రే పక్కన పెట్టండి కెమెరా, నాకేం అభ్యంతరం లేదు. తీసేముందు, తీశాక రెండు ఫొటోలు రోజూ పంపుతాను. మీ డాక్టరు నంబరు, కొంత అడ్వాన్సు, మీరు ఫోన్ ఎత్తకపోయినా నేను ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చని ఒక కాగితం ఇవ్వండి. హాల్లో మాత్రం కెమెరా, స్పీకరు ఆపాలి.

కొండాపూర్_వాసి: ట్రే దగ్గర పెడతాను. కాగితం ఇస్తాను. స్పీకరు ఆపుతాను. హాల్లో కెమెరా మాత్రం ఆపలేను. నాకు నిద్ర పట్టదు.

పిల్లులక్క: మీ బాధ అర్థమైంది. అయినా నేను రాలేను సార్. ఎవరో చూస్తున్నారని బిగుసుకుపోతే నా దగ్గరికి పిల్లి రాదు. కెమెరా ఉన్నా పర్వాలేదనే అమ్మాయి ఒకామె ఉంది, ఉండలు లెక్కపెట్టడం నేనే నేర్పించాను. అడిగి చెప్తాను. ఆమె కూడా పండక్కి 800 తీసుకుంటుంది.

కొండాపూర్_వాసి: అడగండి. చిట్టి కూడా మగపిల్లేనని చెప్పండి.

మియాపూర్_మావయ్య: ఇంతకీ పక్క వీధిలో ఎవరూ లేరా?

ఎల్బీనగర్_లత: అక్కా, కనుమ రోజు మా ఇంటికి రాగలరా? రెండు పిల్లులు, రెండూ మగవే. కెమెరా లేదు.