తెలుగు మాధ్యమం పాఠ్యపుస్తకాలను స్క్రీన్ రీడర్‌తో చదవడం ఎలా?

ప్రశ్న (ఒక విద్యార్థిని తల్లి):
మా అమ్మాయి తెలుగు మాధ్యమంలో ఇంటర్ మొదటి సంవత్సరం హెచ్‌ఈసీ చదువుతోంది. చూపు బాగా తక్కువ. పదో తరగతి దాకా పెద్దక్షరాల జిరాక్సులతో నెట్టుకొచ్చింది గానీ, ఇప్పుడు పేజీలు పెరిగేసరికి అది సాగడం లేదు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టాము. వార్తల సైట్లను చక్కగా చదివే ఆ సాఫ్ట్‌వేర్, చరిత్ర పుస్తకం పీడీఎఫ్ తెరిస్తే మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలను వల్లిస్తోంది. పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకోవడం కాపీరైట్ నేరమని కాలేజీలో అంటున్నారు. దయచేసి దారి చెప్పగలరు.

జవాబు (డీటీపీ పని తెలిసినవారు):
అమ్మా, లోపం మీ సాఫ్ట్‌వేర్‌లో లేదు, ఫాంటులో ఉంది. తెలుగు పుస్తకాలు చాలావరకు ఇప్పటికీ అను వంటి పాత ఫాంట్లలోనే కంపోజ్ అవుతున్నాయి. వాటిలో కంటికి తెలుగు కనిపించినా, లోపల నిల్వ ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే కనుక స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి, వెంటనే తేలిపోతుంది. అను నుంచి యూనికోడ్‌కు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతికి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అవి కుదరకపోతే, పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో ఉంచి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఓసీఆర్ అవుతుంది, అంటే పేజీ బొమ్మలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మారుస్తుంది. అయితే ఓసీఆర్ ప, వ, మ అక్షరాల దగ్గర, ఒత్తుల దగ్గర తరచుగా తడబడుతుంది. చరిత్రలో తేదీలను, రాజుల పేర్లను చూపున్నవారు ఒకసారి పుస్తకంతో సరిచూడక తప్పదు.

జవాబు (న్యాయవాది):
కాలేజీ వారి మాట సరికాదు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్‌బీ) ప్రకారం, వైకల్యం ఉన్నవారు చదువుకోవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని ఎవరైనా మార్చవచ్చు, వారితో పంచుకోవచ్చు కూడా. లాభం తీసుకోకూడదు, అంతే. ఇదే ఉద్దేశంతో 2013లో కుదిరిన మరకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 17 ఇంకా ముందుకు వెళ్లి, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల వరకు పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా అందేలా చర్యలు తీసుకోవడం ప్రభుత్వ బాధ్యత అంటోంది. ఈ రెండు సెక్షన్లను ఉటంకిస్తూ ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా కాదన్నంత తేలికగా కాగితం మీద కాదనరు.

జవాబు (చూపులేని డిగ్రీ విద్యార్థి):
పుస్తకాన్ని మార్చడం మొదలుపెట్టే ముందు సుగమ్య పుస్తకాలయ్‌లో వెతకండి. అచ్చు పుస్తకాలు చదవలేనివారి కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం అది. వైకల్య ధ్రువపత్రంతో, డైజీ ఫోరం ఆఫ్ ఇండియా (ఇలాంటివారి కోసం పనిచేసే సంస్థల సమాఖ్య) సభ్య సంస్థ ద్వారా సభ్యత్వం వస్తుంది. డిస్లెక్సియా (చూపు బాగున్నా అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్నవారికి కూడా ఇస్తారు. తెలుగు పాఠ్యపుస్తకాలు అన్నీ దొరకవు, కానీ ఎవరో ఇప్పటికే చేసిన పని మళ్లీ చేయడం ఎందుకు? పీడీఎఫ్‌ను మీరే మార్చేటప్పుడు అధ్యాయాలకు హెడింగ్ స్టైల్ తప్పక పెట్టండి. ఎన్‌వీడీఏలో హెచ్ నొక్కి ఒక శీర్షిక నుంచి మరోదానికి దూకవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అర్థశాస్త్రంలో గ్రాఫుల సంగతి ఏమిటి?

జవాబు (చూపులేని డిగ్రీ విద్యార్థి):
వాటిని ఏ ఓసీఆరూ చదవదు, మాటల్లో రాయాల్సిందే. డిమాండ్ రేఖకైతే, “అడ్డ గీత మీద పరిమాణం, నిలువు గీత మీద ధర, ధర తగ్గేకొద్దీ పరిమాణం పెరుగుతుంది కనుక రేఖ ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి వాలుతుంది” అని రాస్తే చాలు. లెక్చరర్‌ను అడిగి రాయించుకుంటే ఇంకా మంచిది.